మోతను బట్టి జాడ: సొంతంగా కట్టిన ఎకో పెడల్, గవర్నర్‌పేట మెకానిక్ పద్ధతి

విజయవాడలో ఏలూరు రోడ్డుకూ బందరు రోడ్డుకూ నడుమ ఉన్న గవర్నర్‌పేట పేరు చెప్పగానే కృష్ణా డెల్టా వాసులకు బీసెంట్ రోడ్డు బట్టల కొట్లో సినిమా హాళ్లో గుర్తుకు రావడం సహజం. అయితే రేడియోలు, యాంప్లిఫయర్లు, మైకుసెట్లు బాగుచేసి బతికేవారి లెక్కలో ఆ పేట రెసిస్టర్లు, కండెన్సర్లు, ఐసీలు, ట్రాన్స్‌ఫార్మర్లు విడిగా ఒకటీ రెండూ కూడా కొనుక్కోగలిగే చోటు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన తరువాత, డెల్టా ఊళ్లలో రేడియో వ్యాపించిన కొద్దీ, దానిని విప్పి చూసి, చెడిన భాగాన్ని పట్టుకుని, మార్చి తిరిగి పలికించే మెకానిక్ కూడా ప్రతి చిన్న పట్టణంలోనూ వెలిశాడు. ఈ వృత్తిలో చెవికి పని ఎక్కువ. విద్యుత్ తరంగాన్ని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోపును కొనగలిగిన మెకానిక్కులు అరుదు గనుక, పెట్టెలోంచి వచ్చే మోత ఏ తీరున ఉందో విని, ఆ తీరును బట్టి లోపం ఏ భాగంలో ఉందో ఊహించి, ఆ ఊహను మీటరుతో రూఢి చేసుకోవడం వారికి అలవాటైన మార్గం. ఇప్పుడు గిటారు వాయించే యువకులు ఇంట్లో టంకం పెట్టి కట్టుకుంటున్న ఎకో పెడళ్లలో తలెత్తే మోతలను వదిలించడానికి కూడా ఈ పాత మార్గమే అన్నిటికన్న నమ్మదగినదని చెప్పవచ్చు. ఎక్కడ చూసినా దొరికే సర్క్యూట్ పటాలు పెడల్‌ను ఎలా కట్టాలో చెబుతాయి గాని, కట్టిన తరువాత అది గుర్రుమంటే ఏం చేయాలో వాటికి పట్టదు.

పలికిన ధ్వనిని కొద్దిసేపు పట్టి ఉంచి, అసలు ధ్వని వెనుకనే మళ్లీ వినిపించడం డిలే అనే పరికరం పని. దీనిని సంగీతకారులూ మైకుసెట్టు వారూ ఎకో అనే పిలుస్తారు. పద్యనాటకంలో నటుడు పద్యం చివర తీసే రాగం పందిరి దాటి సాగినట్లు వినిపించాలన్నా, పెళ్లి ఆర్కెస్ట్రాలో గాయకుడి గొంతు సినిమా పాటలోలాగా నిండుగా తోచాలన్నా, యాంప్లిఫయర్ మీది ఎకో నాబ్‌ను కొంచెం తిప్పడం ఈ ప్రాంతపు శ్రోతలకు బాగా తెలిసిన సంగతే, తిప్పడం ఎక్కువై మాట అర్థం కాకుండా పోవడమూ తెలిసినదే. విద్యుత్ తంత్రీవాద్యానికి డెల్టాతో ఉన్న అనుబంధం కూడా చిన్నది కాదు: 1969లో పాలకొల్లులో పుట్టి, ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి ఒప్పించిన యు. శ్రీనివాస్ 1978లో తొలి కచేరీ చేసినది గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలోనే. మాండొలిన్‌కైనా గిటారుకైనా తీగల కింద అమర్చే పికప్, అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన భాగం, తీగ కంపనాన్ని వోల్టులో ఇంచుమించు పదోవంతు మాత్రమే ఉండే విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఇంత బలహీనమైన సంకేతాన్ని పెడల్‌లో పెంచి, నిలిపి, మళ్లీ కలిపి, ఆపైన యాంప్లిఫయర్‌లో ఎన్నో రెట్లు పెంచుతారు గనుక, దారిలో దానికి అంటుకున్న ఒక్క మిల్లీవోల్టు మోత కూడా స్పీకరు దగ్గరకు వచ్చేసరికి గదంతా వినిపిస్తుంది.

ధ్వనిని ఆలస్యం చేయడానికి మొదట అయస్కాంత టేపును వాడేవారు. టేపు మీద ధ్వనిని రాసే హెడ్‌కూ చదివే హెడ్‌కూ మధ్య ఉన్న ఎడమే ఆలస్యమయ్యేది. 1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఈ పనిని కదిలే భాగాలు లేకుండా ఒక సిలికాన్ ముక్కలోనే చేయవచ్చునని చూపి, దానికి బకెట్ బ్రిగేడ్ అని పేరు పెట్టారు. వేసవిలో పాక అంటుకున్నప్పుడు కాలువ గట్టు నుంచి పాక దాకా ఊరివారు వరుసగా నిలబడి నీళ్ల బిందెలను చేతులు మార్చినట్లే, ఈ ఐసీలో వరుసగా ఉన్న చిన్న కండెన్సర్లు సంకేతాన్ని విద్యుదావేశం రూపంలో ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తాయి. ఎప్పుడు అందించాలో చెప్పే అదిలింపు క్లాక్ అనే చదరపు తరంగం నుంచి వస్తుంది. జపాన్‌కు చెందిన మత్సుషితా సంస్థ 1970లలో ఈ రకం ఐసీలను ఎంఎన్3000 వరుసలో తయారు చేసిన తరువాత కాలితో నొక్కే చిన్న పెట్టెల్లో ఎకో విస్తరించింది.

మోత ఎక్కడి నుంచి పుడుతుందో తెలియాలంటే ఈ ఐసీ లెక్క కొంత తెలియాలి. ఎంఎన్3207లో 1,024 అరలు, ఎంఎన్3005లో 4,096 అరలు ఉన్నాయి. క్లాక్ ఒక్క చుట్టు తిరిగితే ఆవేశం రెండు అరలు దాటుతుంది. కాబట్టి క్లాక్ సెకనుకు 10,000 సార్లు కొట్టుకుంటే, అంటే 10 కిలోహెర్ట్జ్ ఉంటే, మొదటి ఐసీలో 51.2 మిల్లీసెకన్లు, రెండో దానిలో 204.8 మిల్లీసెకన్లు ఆలస్యం వస్తుంది. ఆలస్యం పెరగాలంటే క్లాక్ నెమ్మదించాలి: 4,096 అరలతో 300 మిల్లీసెకన్లు కావాలంటే క్లాక్‌ను దాదాపు 6.8 కిలోహెర్ట్జ్‌కు దించవలసి వస్తుంది, మనిషి చెవికి 6.8 కిలోహెర్ట్జ్ స్పష్టంగా వినిపించే కీచుధ్వని. పైగా క్లాక్ వేగంలో సగానికి మించిన స్వరాలను ఈ పద్ధతి మోయలేదు గనుక, అటువంటి పెడల్‌లో 3 కిలోహెర్ట్జ్‌కు పైబడిన స్వరాలను ఐసీలోకి రాకముందే ఒక ఫిల్టరు కోసివేయాలి, ఐసీ దాటిన తరువాత మిగిలిన క్లాక్ జాడను మరొక ఫిల్టరు తుడిచివేయాలి. దీనికి తోడు అర నుంచి అరకు మారినప్పుడల్లా ఆవేశంలో కొద్ది భాగం వెనుకబడుతుంది, మరికొంత కారిపోతుంది. వేల అరలు దాటేసరికి అదంతా ఇస్సుమనే మోతగా పేరుకుంటుంది. అనలాగ్ ఎకోలో మోత కొంత పుట్టుకతోనే ఉంటుందన్న ఈ విషయాన్ని మొదటే ఒప్పుకున్నవాడు లేని లోపం కోసం బోర్డంతా విప్పకుండా బయటపడతాడు.

చౌకలో కట్టే పెడళ్లలోనూ మైకుసెట్ల ఎకో బోర్డులలోనూ ఎక్కువగా కనిపించేది నిజానికి పై ఐసీలు కావు, తైవాన్‌లోని ప్రిన్స్‌టన్ టెక్నాలజీ తయారు చేసిన పీటీ2399 అనే ఐసీ. ఇది బయటికి అనలాగ్‌గా ప్రవర్తించినా లోపల సంకేతాన్ని అంకెలుగా మార్చి 44 కిలోబిట్ల జ్ఞాపకంలో దాచి మళ్లీ ధ్వనిగా మార్చే డిజిటల్ పరికరమే. దీని 6వ కాలుకు తగిలించిన రెసిస్టరు విలువ పెరిగితే ఆలస్యం పెరుగుతుంది. సుమారు 340 మిల్లీసెకన్ల దాకా ఇది మర్యాదగానే పలికి, అంతకు మించి లాగితే గొంతు బొంగురుపోతుంది. అయినా కట్టేవారు దీనిని అనలాగ్ ఎకో అనే అంటారు, వాడుకను కాదనవలసిన పని లేదు. మోతను వెతికే పద్ధతి రెంటికీ ఒకటే, మోతల పుట్టుకలో మాత్రమే కొంత తేడా ఉంది.

ఈ పద్ధతిలో మొదటి నియమం స్క్రూడ్రైవరు పట్టుకోకముందే మోతను వర్గీకరించడం. గిటారు తీసివేసి, పెడల్ ఇన్‌పుట్‌ను ఎర్త్‌కు కలిపినప్పుడు మోత పోతే అది పెడల్‌ది కాదు, గిటారుదో కేబుల్‌దో. పెడల్‌ను బైపాస్ చేసినప్పుడు కూడా మోత ఉంటే అది యాంప్లిఫయర్ దగ్గరో ఎర్తింగ్ దగ్గరో ఉంది. ఎలిమినేటర్, అంటే గోడ ప్లగ్గుకు పెట్టే అడాప్టరు, తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టగానే మోత మాయమైతే పెడల్ బోర్డు జోలికి వెళ్లవలసిన అవసరమే లేదు. ఆ తరువాత నాబ్‌ల వంతు వస్తుంది. ఆలస్యం నాబ్ తిప్పుతున్నప్పుడు మోత శ్రుతి కూడా పైకీ కిందికీ జారితే అది క్లాక్ నుంచి వస్తున్నది. మారకుండా ఒకే శ్రుతిలో నిలిస్తే కరెంటు నుంచి వస్తున్నది. ఎకో మట్టం నాబ్‌ను సున్నాకు తెచ్చినా తగ్గకపోతే అసలు ధ్వని నడిచే దారిలోనే ఉంది. స్వరం మీటినప్పుడు మాత్రమే లేచి, స్వరంతోపాటు అణిగితే కంపాండర్ అనే భాగాన్ని అనుమానించాలి. రెండు నాబ్‌లూ ఒక బ్యాటరీ చేసే ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, సగం లోపాలు ఇక్కడే బయటపడతాయి.

కరెంటు నుంచి వచ్చే గుర్రుమనే మోతను మెకానిక్కులు హమ్మింగ్ అంటారు. భారతదేశంలో కరెంటు సెకనుకు 50 పూర్తి చుట్లు తిరుగుతుంది గనుక, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గాలిలో వ్యాపించే అయస్కాంత క్షేత్రం వల్ల గాని, ఎర్త్ తీగలు రెండు దారుల్లో కలిసి ఏర్పడిన వలయం వల్ల గాని వచ్చే హమ్ 50 హెర్ట్జ్‌లో ఉంటుంది. నాలుగు డయోడ్ల బ్రిడ్జి గుండా పోయి డీసీగా మారిన కరెంటులో మిగిలిపోయే అలజడి మాత్రం 100 హెర్ట్జ్‌లో ఉంటుంది, ఎందుకంటే బ్రిడ్జి ప్రతి తరంగంలోని రెండు సగాలనూ ఒకే దిశకు తిప్పుతుంది. సంగీత పరిభాషలో ఈ రెంటికీ సరిగ్గా ఒక స్థాయి తేడా: కింది షడ్జం వినిపిస్తే తీగల అమరికనూ, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోటునూ చూడాలి, పై షడ్జం వినిపిస్తే డీసీని సాపుచేసే పెద్ద ఎలక్ట్రొలైటిక్ కండెన్సరును చూడాలి. శ్రుతి పట్టగలిగిన చెవి ఉన్న వాయిద్యకారుడికి ఈ తేడాను గుర్తించడం క్షణం పని, మీటరు మాత్రమే నమ్ముకున్న ఇంజనీరుకు అది కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ గనుక అక్కడ రాసిన పుస్తకాలు 60, 120 అని చెబుతాయి. వాటిని చదివి ఇక్కడ 120 కోసం వెతికేవారికి అది ఎప్పటికీ దొరకదు.

100 హెర్ట్జ్ హమ్‌కు డెల్టాలో ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. పెడల్‌కు కావలసిన 9 వోల్టులను 7809 అనే రెగ్యులేటరు ఐసీ ఇస్తుంది. అది సరిగా పనిచేయాలంటే దాని ముందు కనీసం 11 వోల్టులు నిలవాలి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వాడితే, కరెంటు 230 వోల్టులు ఉన్నప్పుడు బ్రిడ్జి దాటిన తరువాత శిఖరం దగ్గర సుమారు 11.3 వోల్టులు వస్తాయి, అంటే బొటాబొటీగా సరిపోతాయి. సాయంత్రం వేళ మోటార్లూ ఏసీలూ నడిచి సరఫరా 190 వోల్టులకు పడిపోయినప్పుడు అదే లెక్క 9.1 వోల్టులకు దిగుతుంది. అప్పుడు రెగ్యులేటరు చేతులెత్తేయగా, 100 హెర్ట్జ్ అలజడి నేరుగా పెడల్‌లోకి ప్రవహిస్తుంది. పగలు బాగా పలికి రాత్రి గుర్రుమనే పెడల్ రహస్యం చాలాసార్లు ఇదే, దీనికి మందు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. కండెన్సరు విలువ కూడా లెక్క ప్రకారం పెట్టుకోవలసినదే: 50 మిల్లీయాంపియర్లు తాగే పెడల్‌కు 1,000 మైక్రోఫారాడ్ల కండెన్సరు పెడితే రెగ్యులేటరు ముందు అర వోల్టు అలజడి మిగులుతుంది, రెగ్యులేటరు దానిని మిల్లీవోల్టు లోపలికి అణచివేస్తుంది. రెగ్యులేటరే లేని చౌక ఎలిమినేటరులో ఈ అర వోల్టు యథాతథంగా పెడల్‌కు చేరుతుంది. పైగా 9 వోల్టులని ముద్రించిన అటువంటివి బరువు లేనప్పుడు 12, 13 వోల్టులు చూపడం మామూలే గనుక, తగిలించే ముందు మీటరు పెట్టి చూడడం మంచిది.

ఎర్త్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన మూడో రంధ్రానికి తీగ ఉందని అర్థం కాదు, తీగ ఉన్నా అది చేరే ఎర్త్ గుంత పనిచేస్తున్నదని అర్థం కాదు. ఉప్పు, బొగ్గు వేసి తవ్విన గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయకపోతే ఎండాకాలానికి మన్ను ఎండి, భూమితో సంబంధం బలహీనపడుతుంది. అప్పటివరకు లేని హమ్ మేలో మొదలవడానికి ఇదొక కారణం. హమ్ పోవాలని యాంప్లిఫయర్ ప్లగ్గు ఎర్త్ పిన్నును విరిచివేసే అలవాటు కొన్ని ఆర్కెస్ట్రా బృందాలలో ఉన్నది, ఇది మోతను తగ్గించి ప్రాణాన్ని పందెం పెట్టే పని. లోహపు తీగల గిటారును పట్టుకుని, తడి పెదవులను మైకుకు ఆనించి పాడేవాడు ఇటువంటి చోట తానే ఎర్త్ తీగ అవుతాడు. వలయాన్ని తెంచాలంటే పరికరాలన్నిటికీ ఒకే ప్లగ్గు పలక నుంచి కరెంటు ఇవ్వడం, షీల్డ్ వైరు పైపొరను ఒక కొన దగ్గర మాత్రమే కలపడం సరైన దారులు. హమ్‌కు బదులు ముళ్ల వంటి జిర్రుమనే మోత వస్తే ఫ్యాను రెగ్యులేటరునో, స్టేజీ సీరియల్ లైట్లనో, చదరపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టరునో ఆపి చూడాలి. ఏ మోతా కాకుండా సన్నగా వార్తలో పాటలో వినిపిస్తే, బలమైన రేడియో ప్రసారం, విజయవాడలో అయితే ఎక్కువగా 837 కిలోహెర్ట్జ్ మీది ఆకాశవాణి, పెడల్ మొదటి ట్రాన్సిస్టరు దగ్గర డిటెక్ట్ అవుతున్నదని గ్రహించి, ఇన్‌పుట్ దగ్గర వరుసలో కొన్ని కిలో ఓముల రెసిస్టరునూ, అక్కడి నుంచి ఎర్త్‌కు 100 పికోఫారాడ్ల కండెన్సరునూ పెట్టాలి. పాత రేడియో మెకానిక్‌కు ఈ లోపం నవ్వు తెప్పించవచ్చు: ఆయన జీవితమంతా రేడియోను పలికించడానికి కష్టపడితే, ఇక్కడ అడగకుండానే పలుకుతున్నది.

క్లాక్ నుంచి వచ్చే కీచు మోత ఎకో పెడల్‌కే ప్రత్యేకమైనది, దీనిని పట్టడంలోనే కట్టినవాడి పనితనం తేలుతుంది. ఎంఎన్3207కు 7, 8 కాళ్ల దగ్గర రెండు అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఒకటి పలికినప్పుడు రెండోది మౌనంగా ఉండేలా అవి వంతులు తీసుకుంటాయి గనుక, రెంటినీ సమపాళ్లలో కలిపితే క్లాక్ జాడ చాలావరకు తనంతట తానే రద్దవుతుంది. సమపాళ్లు కుదర్చడానికి ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవరుతో తిప్పే చిన్న వాల్యూమ్ కంట్రోల్, ఉంటుంది; ఆలస్యాన్ని గరిష్ఠానికి పెట్టి, ఏమీ వాయించకుండా, కీచు ధ్వని అతి తక్కువగా ఉన్న చోట దానిని నిలపాలి. కొన్ని చౌక పటాలలో ఈ ప్రీసెట్‌ను తీసివేసి రెండు కాళ్లనూ నేరుగా కలిపివేస్తారు, మిగిలిన రూపాయలు తరువాత ఫిల్టరు కండెన్సర్ల కింద ఖర్చవుతాయి. ప్రీసెట్ కుదిరిన తరువాత కూడా కీచు మిగిలితే వైర్లను చూడాలి. వెరో బోర్డు మీద కట్టినప్పుడు క్లాక్ ఐసీ నుంచి వచ్చే రెండు వైర్లు గిటారు ఇన్‌పుట్ వైరు పక్కన ఒకే కట్టలో నడిస్తే, ఫిల్టర్లను దాటుకుని క్లాక్ దొడ్డిదారిన లోపలికి వస్తుంది. ఆ రెండు వైర్లను విడదీసి, అంగుళానికి మించకుండా కురచ చేసి, ఇన్‌పుట్‌కు షీల్డ్ వైరు వేయగానే మోత సగానికి సగం పడిపోవడం తరచుగా జరిగేదే. ప్రతి ఐసీ కరెంటు కాలు దగ్గరనే 0.1 మైక్రోఫారాడ్ కండెన్సరు ఉండాలి, అర అంగుళం దూరంలో కాదు. పీటీ2399 క్లాక్ మెగాహెర్ట్జ్‌లలో పరుగెడుతుంది గనుక ఒంటరిగా ఉన్నప్పుడు చెవికి వినపడదు. కాని ఆలస్యం పెంచడానికి అటువంటివి రెండు ఒకే పెట్టెలో పెడితే, రెండు క్లాక్‌ల తేడా ఈలగా బయటికి వస్తుంది. మీడియం వేవ్ రేడియోలో రెండు స్టేషన్లు దగ్గర దగ్గరగా పడినప్పుడు వచ్చే ఈల కూడా ఇదే, రేడియో బల్ల దగ్గర పనిచేసినవారు దీనిని వినగానే గుర్తుపడతారు. ఇక్కడ రెండు ఐసీలకూ వేరు వేరుగా 78ఎల్05 రెగ్యులేటర్లు ఇవ్వడం, 3వ కాలి అనలాగ్ ఎర్త్‌నూ 4వ కాలి డిజిటల్ ఎర్త్‌నూ విడి దారుల్లో నడిపి ఒకే బిందువు దగ్గర కలపడం తప్ప అడ్డదారి లేదు.

మోత రకం తెలిసినా అది ఏ అంచెలో పుడుతున్నదో తెలియనప్పుడు సిగ్నల్ ట్రేసర్ కావాలి. పనికిరాని ట్రాన్సిస్టర్ రేడియోలోని వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుకు 0.1 మైక్రోఫారాడ్ కండెన్సరు తగిలించి, దాని రెండో కొనకు సూది వంటి తీగ అతికిస్తే, ఆ రేడియో ఆడియో భాగమే ట్రేసర్‌గా మారుతుంది. దాని ఎర్త్‌ను పెడల్ ఎర్త్‌కు కలిపి, సూదితో ఒక్కొక్క అంచెనూ ముట్టుకుంటూ పోతే మోత ఎక్కడ మొదలైందో చెవికే వినిపిస్తుంది. ఆరంభం నుంచి చివరి దాకా వరుసగా వెతకడం కన్న మధ్యలో మొదలుపెట్టడం తెలివి: మధ్యలో మోత లేకపోతే మొదటి సగం మొత్తం నిర్దోషి, ఉంటే రెండో సగాన్ని మరచిపోవచ్చు, ఇలా సగానికి సగం కోసుకుంటూ పోతే పదహారు అంచెల సర్క్యూట్‌లో నాలుగు ముట్టుకోవడాలతో చోటు తేలుతుంది. దీనికి తిరుగుడు పద్ధతి కూడా ఒకటి ఉన్నది: వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలును స్క్రూడ్రైవరు లోహంతో ముట్టుకున్నప్పుడు మనిషి శరీరం పట్టిన 50 హెర్ట్జ్ బుర్రుమని స్పీకరులో వినిపిస్తే అక్కడి నుంచి ముందున్న దారి బాగున్నట్లు లెక్క. వాల్వు రేడియోల కాలంలో ఈ పరీక్ష వందల వోల్టుల పక్కన చేయవలసిన సాహసం, 9 వోల్టుల పెడల్‌లో ఏ భయమూ లేదు. ట్రేసర్‌తోపాటు మీటరు కూడా పెట్టి, ప్రతి ఆప్ఆంప్ ఐసీ అవుట్‌పుట్ దగ్గర సగం వోల్టేజీ, అంటే సుమారు 4.5 వోల్టులు ఉన్నాయో లేదో చూడాలి. ఈ సగం వోల్టేజీని తయారు చేసే రెండు రెసిస్టర్ల పక్కనున్న 47 మైక్రోఫారాడ్ల కండెన్సరు ఎండిపోతే పెడల్‌లోని అంచెలన్నీ ఒకేసారి మోత చేస్తాయి, ట్రేసర్ ఎక్కడ పెట్టినా దొంగ దొరకడు.

నాబ్ తిప్పితే గరగరమనడం అందరికీ తెలిసిన లోపం, దాని కారణం మాత్రం అందరూ అనుకునేది కాదు. కొత్త వాల్యూమ్ కంట్రోల్ వేసినా గరగర పోకపోతే దాని ముందున్న ఎలక్ట్రొలైటిక్ కండెన్సరు లీకై డీసీని కంట్రోల్ మీదికి వదులుతున్నదన్న మాట. కంట్రోల్ రెండు కొనల మధ్య మీటరు పెడితే సున్నా రావలసిన చోట కొన్ని మిల్లీవోల్టులు కనిపిస్తాయి, కండెన్సరు మారిస్తే పాత కంట్రోలే నిశ్శబ్దంగా తిరుగుతుంది. కొబ్బరిచెట్టుకు తేమ తగిలినట్టే పెట్టెకూ తగిలే బందరు వైపు ఊళ్లలో స్విచ్చులూ జాకులూ కూడా చిలుము పట్టి చిటపటలాడతాయి, వాటికి తుడవడం తప్ప పెద్ద విద్య అక్కరలేదు. డ్రై సోల్డర్, అంటే పైకి అంటుకున్నట్లు కనిపించి లోపల పట్టు లేని టంకం, పట్టాలంటే పెడల్ పలుకుతుండగా వెదురు పుల్లతో ఒక్కొక్క భాగాన్నీ మెల్లగా తట్టాలి. తట్టినచోట టపటపమంటే ఆ టంకాన్ని మళ్లీ కరిగించాలి. తట్టినప్పుడు టపటపకు బదులు చిన్న గంటలా ఖంగుమంటే అది టంకం తప్పు కాదు, సంకేతం దారిలో పెట్టిన సిరామిక్ కండెన్సరు కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తున్నది, దాని చోట పాలిస్టర్ కండెన్సరు వేయాలి.

ఇస్సుమనే మోతలో ఎంత లోపమో ఎంత స్వభావమో తేల్చడం అన్నిటికన్న కష్టమైన పని. ఈ మోతను దాచడానికి మంచి పెడళ్లలో ఎన్ఈ570 వంటి కంపాండర్ ఐసీ వాడతారు. సంకేతం ఎకో ఐసీలోకి పోకముందు అది పెద్ద ధ్వనులకూ చిన్న ధ్వనులకూ మధ్య ఉన్న 60 డెసిబెళ్ల అంతరాన్ని 30కి కుదించి, బయటికి వచ్చిన తరువాత మళ్లీ 60కి సాగదీస్తుంది, ఆ సాగదీతలో ఐసీ సొంత మోత కిందికి అణగిపోతుంది. కుదించే సగానికీ సాగదీసే సగానికీ పెట్టిన టైమింగ్ కండెన్సర్లు ఒకే విలువలో లేకపోతే ప్రతి స్వరం వెనుక ఊపిరి పీల్చినట్లు ఇస్సు లేచి పడుతుంది, దీనిని ఐసీ లోపంగా భ్రమపడి ఐసీలు మార్చినవారు లేకపోలేదు. కంపాండర్ లేని పెడల్‌లో అయితే ఎకో ఐసీకి అందే సంకేతాన్ని వికృతం కానంత వరకు పెంచడం, ముందరి అంచెలో ఎల్ఎం324 వంటి మోత ఎక్కువ ఉన్న ఐసీని తీసి టీఎల్072 వేయడం, దారిలో అనవసరంగా పెట్టిన మెగా ఓము రెసిస్టర్లను తగ్గించడం సరిపోతాయి. స్వరాన్ని ఊగించే మాడ్యులేషన్ ఉన్న పెడల్ గోడ గడియారంలా టకటకమంటే, ఆ ఊపును పుట్టించే ఐసీ కరెంటును కుదుపుతున్నట్లు గ్రహించి, దాని కరెంటు కాలుకు 100 ఓముల రెసిస్టరునూ 100 మైక్రోఫారాడ్ల కండెన్సరునూ చేర్చాలి.

పెట్టె కూడా సర్క్యూట్‌లో భాగమే. ప్లాస్టిక్ డబ్బాలో కట్టిన పెడల్‌కు లోపల అల్యూమినియం రేకు అంటించి ఎర్త్‌కు కలపాలి. స్టీలు టిఫిను డబ్బా దీనికన్న మేలు, కాకపోతే జాకు బిగించే చోట రంగు ఉంటే గీకివేయాలి, రంగు మీద బిగించిన జాకుకు ఎర్త్ అందదు. ఎండ విషయంలో విజయవాడ ఏ పాఠ్యపుస్తకమూ ఊహించని పరీక్ష పెడుతుంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సిలికాన్‌లో ఆవేశం కారడం ఇంచుమించు రెట్టింపవుతుంది గనుక, 25 డిగ్రీల ఏసీ గదిలో కుదిర్చిన పెడల్ 45 డిగ్రీల మధ్యాహ్నం ఆరుబయట పందిట్లో ఇంచుమించు నాలుగు రెట్లు ఎక్కువ కారుతుంది, దీర్ఘమైన ఆలస్యాలలో ఇస్సు పెరిగి, ఎకో ఐసీ ఇన్‌పుట్‌కు నిలకడ వోల్టేజీని కుదిర్చే బయాస్ ప్రీసెట్ కుదురు తప్పి స్వరం చిరుగుతుంది. కాబట్టి ప్రీసెట్‌లను మూత బిగించి, పెడల్ అరగంట నడిచి వేడెక్కిన తరువాత, మూతకు వేసిన చిన్న రంధ్రంలోంచి తిప్పడం తెలిసినవారి పద్ధతి. ఎంత తిప్పినా బయాస్ కుదరకపోతే ఐసీ మీదనే అనుమానం రావాలి. మత్సుషితా తయారీ ఆపివేసిన ఎంఎన్3005 పేరుతో, వేరే ఐసీల మీది ముద్ర చెరిపి కొత్త పేరు అచ్చేసినవి అమ్మకానికి వస్తున్నాయి, ధర తక్కువగా ఉండి అచ్చు మరీ కొత్తగా ఉన్నదానిని కొనకపోవడమే మంచిది, కొత్తగా తయారవుతున్న వీ3205 వంటివి నిజాయితీగా దొరుకుతున్నప్పుడు ఆ జూదం అక్కరలేదు.

ఇవన్నీ సరిచేసిన తరువాత మిగిలే పల్చని ఇస్సును, ప్రతి తిరుగుడుకూ కొంచెం మసకబారుతూ పోయే ఎకోను చాలామంది వాయిద్యకారులు లోపంగా కాక రుచిగానే తీసుకుంటారు. ఈ మసక వల్లనే వెనుక వచ్చే ధ్వని ముందరి స్వరానికి అడ్డుపడకుండా దాని కింద పరుచుకుంటుంది. దానిని కూడా తుడిచివేయాలని ఫిల్టరును 3 కిలోహెర్ట్జ్ నుంచి 2కు, 2 నుంచి 1.5కు దించుకుంటూ పోయేవారు మోతతోపాటు మీటు పదునును కూడా పోగొట్టుకుని, చివరకు దుప్పటి కప్పినట్టున్న ఎకోతో మిగులుతారు. అంతటి నిశ్శబ్దమే కావాలని పట్టుబట్టే వాయిద్యకారుడికి అనుభవం ఉన్న మెకానిక్ మరో కండెన్సరు మార్చడు, అనలాగ్ పెడల్ అమ్మివేసి డిజిటల్ కొనుక్కోమని చెప్పి పంపుతాడు.